నెత్తురు లేని దెబ్బ

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్లయింది. దొరల బంగళాల్లో మన ఆఫీసర్లు చేరారు. చాంపియన్ రీఫ్స్ గని కూలీల లైను ఇండ్లలో మాత్రం ఏమీ మారలేదు. అవే తడిక గోడలు, అదే రేకుల కప్పు, గడప ముందు అదే మురికి కాలువ. ఆ లైన్లలో అక్కయమ్మకున్నంత రోత ఇంకెవరికీ లేదని చెప్పుకునేవాళ్లు. కుళాయి కింద బిందె పెట్టే ముందు కుళాయి మూతిని బూడిదతో తోమేది. గాలి మళ్లినప్పుడు బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బ మీది దుమ్ము వచ్చి రాగిపిండిలో పడుతుందని జాడీ మూతికి తడిగుడ్డ బిగించేది. ఒకరు తాగిన చెంబు ముట్టేది కాదు. లైను చివరి మరుగుదొడ్ల వైపు పోవలసి వస్తే కొంగు ముక్కుకు చుట్టుకొని, కాలివేళ్ల మీద నడిచేది. పక్కిండ్ల ఆడవాళ్లు నవ్వితే తనూ నవ్వేది, అలవాటు మాత్రం మానేది కాదు.

ఆమె పుట్టింది కామసముద్రం దగ్గరి పల్లెలో. నాయన చిన్నవెంకటప్ప రాగులు పండించేవాడు. పంట కోసిన చేలల్లో ఉండేలుతో పూరేడు పిట్టలు కొట్టడంలో ఆయనది మంచి చెయ్యి. పుట్టమన్ను పిసికి ఉండలు చేసి, నీడన ఆరబెట్టి, పొయ్యి బూడిదలో కాల్చుకునేవాడు. ఆ మట్టి ఉండ తలకు తగిలితే పిట్ట సొమ్మసిల్లి పడేది. ఈకలు పీకితే లోపల మచ్చ కూడా ఉండేది కాదు. చిన్నప్పుడు అక్కయమ్మ తిన్న వేటమాంసం అంతా అట్లాంటిదే. అందుకే వేట అంటే ఆమెకు రోత పుట్టేది కాదు. ఆ రోత పెళ్లయి గనులకు వచ్చాక, పక్క లైనులో ఉండే శ్రీరామప్ప పుణ్యమా అని మొదలైంది.

అక్కయమ్మ మొగుడు గోవిందప్ప భూమి లోపల టింబర్‌మ్యాన్. సొరంగం కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. మెత్తటి మనిషి. ఎవరేం చెప్పినా ‘సరేలే అప్పా’ అనడం తప్ప ఇంకో మాట తెలియదు. శ్రీరామప్ప అతని స్నేహితుడు, పైన వర్క్‌షాపులో ఫిట్టరు. చేతిలో పనితనం ఉంది, నోట్లో అంతకు మించి గొప్పలున్నాయి. వరసగా వానలు ఎగ్గొట్టిన ఆ కాలంలో రేషను అంగట్లో ఎర్రజొన్నలు తప్ప ఏమీ దొరికేవి కావు. మాంసం అంగడి వైపు చూసేవాళ్లే తక్కువ. అప్పుడు శ్రీరామప్ప పాత లారీ కమాను పట్టా ఒకటి సంపాదించి, సాన పట్టి విల్లులాగా వంచాడు. దాన్ని తుపాకి మడమలాంటి కట్టెకు అడ్డంగా బిగించాడు. ఇనుపతాడులోంచి విడదీసిన సన్నతీగలు పేని అల్లెతాడు చేశాడు. తాడును రెండు చేతులా వెనక్కి లాగి కొక్కేనికి తగిలించి, కింద మీట నొక్కితే చాలు, గాడిలో పెట్టింది ఏదైనా రివ్వున పోయేది. లైనులో దానికి తుపాకి విల్లు అని పేరొచ్చింది. కామసముద్రం పక్క గుట్టలు, కంపలు గోవిందప్పకు అత్తగారి ఊరి దారులు కాబట్టి అతన్నీ వెంట కలుపుకున్నాడు. సెలవు రోజు తెల్లవారుతూనే ఇద్దరూ సైకిళ్ల మీద పోయేవాళ్లు.

మొదట వాళ్లు వాడింది బేరింగు గుండ్లు. వర్క్‌షాపులో అరిగిపోయినవి ఎన్నో పడి ఉండేవి. నున్నగా, గోలీకాయల్లాగా ఉండే ఆ గుండ్లను శ్రీరామప్ప జేబులో వేసుకొని గలగలలాడిస్తూ తిరిగేవాడు. మొదటి వేట రోజు మధ్యాహ్నం ఇద్దరూ సంచి నిండా పూరేళ్లు తెచ్చి అక్కయమ్మ ముందు కుమ్మరించారు. శుభ్రం చేయడానికి మొదటి పిట్టను చేతిలోకి తీసుకుంటే అది పిట్టలాగా లేదు. రొమ్ము ఉన్నచోట బొక్క. ఈకలు మాంసంలోకి దూరి అతుక్కుపోయాయి. మేతసంచి పగిలి, అది తిన్న సామలు నెత్తుటితో కలిసి జిగటగా వేళ్లకు అంటుకున్నాయి. పేగులు ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ తెగాయో తెలియలేదు. ఎముకల ముక్కలు సూదుల్లా గుచ్చుకున్నాయి. ఇంకోటి తీసింది. అదీ అంతే. మూడోది ముట్టలేకపోయింది. చేట అలాగే వదిలేసి కాలువ దగ్గరికి పోయి చేతులు బూడిదతో తోముకుంది, వాసన పోక మళ్లీ తోముకుంది.

గడపలో నిలబడిన శ్రీరామప్ప మాత్రం గుండు ఎంత జోరుగా పోయిందో, ఒక పిట్టను దాటి వెనకున్న పుట్టలో ఎలా దిగిందో చెబుతూనే ఉన్నాడు. పిట్ట నోటికి వస్తుందా రాదా అన్న ఆలోచన అతనికి లేదు. ఆ సంచెడు పిట్టల్లో కూరకు పనికొచ్చింది పిడికెడు లేదు. మిగతాది కుక్కలు లాక్కుపోతుంటే గోవిందప్ప తల గోక్కుంటూ నిలబడ్డాడు.

తర్వాత శ్రీరామప్ప గుండ్లు మానేసి బాణాలు చేశాడు. జానెడు ఇనుప చువ్వలకు మొనలు సానబట్టి, వెనక్కి వంగిన ముళ్లు తీశాడు. ముల్లుంటే దిగిన బాణం ఊడిరాదని అతని లెక్క. చూడటానికి ముచ్చటగా ఉండేవి, ఎండలో తళతళలాడేవి. వాటితో చెవులపిల్లులను, అంటే అడవి కుందేళ్లను, కొట్టబోయారు. అయితే పరుగెత్తే చెవులపిల్లికి తలమీద గురి కుదిరేది కాదు, కడుపులో దిగేది. కడుపులో బాణంతో అది కంపల్లో దూరి ఎక్కడో పడి చచ్చేది. వీళ్లు వెతికి వెతికి పట్టుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది.

అట్లా వెతికి తెచ్చినదాన్ని ఒకనాడు అక్కయమ్మ పలక మీద పెట్టి కోసింది. కత్తి ఇంకా తోలు దాటకముందే ఉబ్బిన కడుపులోంచి గాలి బుస్సుమని వచ్చింది. దాని వెంటే పచ్చటి నీళ్లు. బాణం పేగులను చీల్చి, ముల్లుకు చుట్టుకొని అక్కడే ఉండిపోయింది. దాన్ని పట్టి లాగితే పేగులన్నీ దారాల్లా వెంట వచ్చాయి. పేడా పిత్తమూ కలిసి తొడల మాంసం దాకా పాకి, తెల్లగా ఉండవలసిన మాంసం చిలుం పట్టిన రాగిచెంబు రంగుకు తిరిగింది. ఒక కన్ను మీద చీమలు అప్పటికే తవ్వుకుంటున్నాయి. అక్కయమ్మ కత్తి పారేసి కాలువ గట్టున కూర్చొని, పొద్దున తాగిన గంజి మొత్తం కక్కేసింది. సాయంత్రం దాకా ఆమెకు నోట్లో ఉమ్మి కూడా రోతగానే అనిపించింది.

“కాళ్లు బాగుండాయి, అవి కోసి కడుగు,” అన్నాడు శ్రీరామప్ప.

అక్కయమ్మ లేచి నోరు తుడుచుకుంది. “చూడు శ్రీరామన్నా, ఇంగ ఈ ఇనుప ముండ్లు గుచ్చి నా గడపకు ఏదీ తేవద్దు. దాని పీతిలో దాన్నే ముంచి తెచ్చి తినమంటా ఉండావు. మీకు చేతనయితే మీరే కోసుకోండి, మీరే వండుకోండి.”

గోవిందప్ప ‘సరేలే’ అన్నాడు. ఆ సరే ఎవరికి చెప్పాడో అతనికే తెలియదు.

ఆ మరుసటి వారం చిన్నవెంకటప్ప కూతురిని చూడటానికి వచ్చాడు. ఆయన తుపాకి విల్లును తిప్పి తిప్పి చూసి, కూతురు చెప్పిందంతా విన్నాడు. ఈ విల్లు బలం పెద్ద మృగానికి తగిందని, పిట్టకూ చెవులపిల్లికీ దీంతో ఏం వేయాలో కొట్టి చూస్తేగాని తెలియదని అన్నాడు. అక్కయమ్మకు ఆ మాట నచ్చింది. ఇంట్లో ఉన్న గుమ్మడికాయలు తెచ్చి లైను వెనక మట్టిగట్టు మీద వరసగా పెట్టించింది. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని చూడటానికి వచ్చారు.

బేరింగు గుండు కాయకు ముందువైపు వేలు దూరేంత బొక్క చేసి, వెనకవైపు అరచెయ్యంత పెంకు ఎగరగొట్టింది. గింజలు, గుజ్జు గట్టుమీద చిమ్మాయి. ముల్లు బాణం లోపలికి దిగింది. లాగితే పీచంతా దాంతోపాటు వచ్చింది. చిన్నవెంకటప్ప మట్టి ఉండ గాడిలో పెట్టి మీట నొక్కితే తాడు దెబ్బకు అది అక్కడే పొడి అయిపోయింది. ఉండేలు తోలుకు ఆగే మట్టి ఈ ఇనుపతాడుకు ఆగదని ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. శ్రీరామప్ప సీసం కరిగించి ఉండలు పోద్దామన్నాడు. సీసం మెత్తన, లోపల చీలికలైతే పంటి కింద పడుతుంది, కడుపులోకి పోతుంది, వద్దని ముసలాయన ఒప్పుకోలేదు.

చివరికి మిగిలింది కట్టె. గోవిందప్ప గని దుంగల ముక్కల్లోంచి ఒక నీలగిరి పుల్ల చెక్కి ఇచ్చాడు. తేలికైపోయి అది గాలిలో పక్కకు తిరిగింది, రెండో దెబ్బకు నిలువునా చీలింది. తుమ్మకట్టె చెక్కితే బరువు సరిపోయింది. మొన లేకుండా, ముందువైపు బొటనవేలు చివరంత మొండిగా ఉంచి, వెనక కోడి ఈకలు కట్టాడు. ఆ మొండి బాణం పోయి గుమ్మడికాయను కొట్టింది. పైన గిన్నెలాంటి సొట్ట పడింది. అక్కయమ్మ కాయను చేతుల్లోకి తీసుకొని, సొట్ట చుట్టూ వేలితో తడిమి, కత్తితో కోసి చూసింది. దెబ్బ కింద గుజ్జు నలిగింది కానీ లోపలి గింజల గూడు చెదరలేదు.

“ఇది,” అంది ఆమె. “ఇదొకటే. అదీ దగ్గరికి పోయి, కూర్చున్నదాన్ని తలమీద కొట్టండి. తలకు గురి కుదరకపోతే వదిలెయ్యండి. పారిపోతే పోనీ.”

శ్రీరామప్పకు ఆ మాట రుచించలేదు. అంత దగ్గరికి పోవాలంటే పొట్ట మీద పాకాలి, గంటల తరబడి కదలకుండా పడి ఉండాలి. కానీ చిన్నవెంకటప్ప వాళ్లను వెంట తీసుకుపోయి, గాలికి ఎదురుగా ఎట్లా పోవాలో, చెవులపిల్లి పొద చాటున ఎక్కడ ఒదిగి కూర్చుంటుందో చూపించాడు. మొదట్లో ఖాళీ సంచితోనే తిరిగివచ్చారు. తర్వాత ఒక చెవులపిల్లి దొరికింది. అక్కయమ్మ దాని తల మీది తోలు తీసి చూస్తే దెబ్బ తగిలినచోట కింద నెత్తురు గడ్డకట్టి నేరేడుపండులా నల్లగా ఉంది. మిగతా ఒళ్లంతా శుభ్రంగా ఉంది. ఆ పూట మిరియాలు నూరి పులుసు చేసి, చాలా కాలం తర్వాత మొగుడితోపాటు కూర్చొని తనూ తింది.

ఆ వాసన లైను మొత్తం చుట్టింది. ఆ ఇంటి కూర కావాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. సెలవు రోజు అక్కయమ్మ కుండ దించేసరికి గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. పక్కింట్లో ఒంటరిగా ఉండే తాయమ్మవ్వకు పండ్లు లేవు కాబట్టి మెత్తటి కార్జం తీసి ఆమెకు వేరేగా వండి ఇచ్చేది. సారాయి అంగడి దగ్గర కూడే మగవాళ్లు శ్రీరామప్పను పట్టుకొని, ఇంకా కావాలి, ఇంకా తెమ్మని వెంటపడేవాళ్లు. మొండి బాణంతో దొరికేది ఒకటీ అరా. శ్రీరామప్పకు అడిగినవాళ్లకు లేదని చెప్పడం తల తీసేసినట్టుండేది.

మామిళ్లు పూతకు వచ్చే రోజుల్లో వేట ఉన్నట్టుండి బాగుపడింది. సంచులు నిండుగా రాసాగాయి. చెవులపిల్లుల తలలు, పేగులు శ్రీరామప్ప అడవిలోనే కోసి పారేసి తెచ్చేవాడు. “నీకు రోత కదా చెల్లీ, ఆ పగిలిన తల, ఆ పేగులు నీ కంట పడటం ఏంటికని నేనే తీసేసినా,” అనేవాడు. అతనికి ఇంత నాగరికం ఎప్పుడు అబ్బిందా అని అక్కయమ్మ ఆశ్చర్యపోయింది, మంచిదేలే అనుకుంది. పనెక్కువై, ఆ కుండల ఆవిరి దగ్గర గంటలకొద్దీ నిలబడి ఆమెకే ముద్ద దిగేది కాదు. అప్పుడప్పుడు మాంసంలోంచి కుళ్లిన వెల్లుల్లిలాంటి వాసన ఒకటి వచ్చేది. కంపల్లో ఏదో ఆకు మేసి ఉంటాయని సరిపెట్టుకొని మరో చెంబు నీళ్లు పోసి కడిగేది.

ఆ రోజుల్లోనే తాయమ్మవ్వకు జబ్బు చేసింది. వాంతులు, కడుపులో మెలికలు, నోటివెంట ధారగా ఉమ్మి, చేతులు వణుకు. చొక్కాలు కుట్టే ఎదురింటి ఈశ్వరప్ప ఆమెను భుజాన వేసుకొని ఆస్పత్రిలో చేర్చాడు. ఎండలు ముదురుతున్నాయి, ముసలి ప్రాణం తట్టుకోలేదని అనుకున్నారందరూ. ఆమె ఆ ముందు పూట తిన్నది తను ఇచ్చిన కార్జమేనన్న మాట అక్కయమ్మకు తట్టనే లేదు.

తర్వాతి సెలవు నాడు శ్రీరామప్పకు ఏదో పనిబడి గోవిందప్ప ఒక్కడే సంచి తెచ్చి ఇంట్లో దించి, వెంటనే బయటికి పోయాడు. ఈసారి చెవులపిల్లులకు తలలు, పేగులు అలాగే ఉన్నాయి. అక్కయమ్మ మొదటిదాని కడుపు కోసి, పేగులు తీసి పెరటి వైపు పారేసింది. ఎప్పుడూ అక్కడ కాచుకొని ఉండే గోధుమరంగు కుక్క వాటిని మింగింది. ఆమె తోలు ఒలుస్తుండగానే కుక్క మూలుగు వినిపించింది. వెళ్లి చూస్తే అది కాలువ గట్టున పడి, కాళ్లు బిగబట్టి కొట్టుకుంటోంది. నోట్లోంచి నురగ, వెనకనుంచి నీళ్ల విరేచనం. ఆమె చూస్తుండగానే బిర్రబిగుసుకుపోయింది.

అక్కయమ్మ తిరిగి వచ్చి పలక ముందు కూర్చుంది. చెవులపిల్లి తలమీద సొట్ట కనిపిస్తూనే ఉంది, మొండి బాణం మూతి అంత. ఆమె ఆ చోట తోలు గీసి వెనక్కి ఒలిచింది. ఎముక విరిగి ఉంది. దాని చుట్టూ మాంసం తెల్లగా, పొడిగా ఉంది. ఒక్క చుక్క నెత్తురు గూడు కట్టలేదు. రెండోదాన్ని ఒలిచింది. మూడోదాన్ని ఒలిచింది. అన్నీ అంతే. బతికున్నదానికి దెబ్బ తగిలితే కమిలి నల్లబడుతుంది. ఇవి చచ్చాక కొట్టిన దెబ్బలు. ఆమె వంగి ఆ జంతువు నోటి దగ్గర వాసన చూసింది. కుళ్లిన వెల్లుల్లి వాసన. ఆ వాసన ఆమెకు గుర్తుకొచ్చింది. శ్రీనివాసపురంలో చిన్నాయన ఇంటికి పోయినప్పుడు, మామిడి పూతకు పురుగుమందు కొట్టే రోజుల్లో తోటల పక్క నడిస్తే గాలంతా అదే వాసన.

చేతులు కడుక్కోవడం కూడా మరిచి ఆమె శ్రీరామప్ప ఇంటికి పోయింది. అతను లేడు. పెండ్లాం మారమ్మ చేటలో రాగులు చెరుగుతోంది. అక్కయమ్మ నిలబడే అడిగింది, ఈ మధ్య చెవులపిల్లి కూర మీ ఇంటికి పంపడమే లేదు, మీ వాటా ఏం చేస్తున్నారని.

“మాకు వద్దులేమ్మా,” అంది మారమ్మ ఏమీ ఎరగని ముఖంతో. “ఆయప్ప తినొద్దని చెప్పినాడు. మందు పెట్టి పట్టినవంట కదా, పిల్లోళ్లకు పడదంట. కడిగి వండితే పెద్దోళ్లకు ఏమీ కాదంట.”

 అక్కయమ్మ ఆమె భుజం మీదుగా చూస్తే మూలన తోటల మందు డబ్బా ఒకటి, దాని పక్కనే గోడకు చేరేసిన మొండి బాణాలు. వాటి తుమ్మకట్టె మూతులు ఈ మధ్య దేనికీ తగలనట్టు నున్నగా, కొత్తగా ఉన్నాయి. ఒకదాని మూతి మాత్రం అరిగి ఉంది. ఎవరైనా చూస్తే నమ్మేలా చచ్చినవాటి తలలు పగలగొట్టడానికి ఒకటి చాలుగదా.

ఆమె వాకిట్లోకి వస్తుండగా శ్రీరామప్ప ఎదురొచ్చాడు. ఆమె ముఖం, ఆరిన నెత్తుటి చేతులు చూసి అతనికి అర్థమైంది. గొంతు తగ్గించి ఏవేవో చెప్పాడు. ఎన్నాళ్లని పొట్టమీద పాకేది, జనం అడుగుతుంటే ఏం చేసేది, మంటమీద ఉడికితే మందు విరిగిపోతుందని తోటవాళ్లే చెప్పారు, ఇన్నాళ్లూ ఎవరూ చావలేదు కదా అన్నాడు. ఆమె అన్నీ విన్నది. చివరికి ఒక్క మాట అడిగింది, నా మొగుడికి తెలుసా అని.  అడుగుతూనే ఆమెకే గుర్తొచ్చింది. కొన్ని వారాలుగా గోవిందప్ప సెలవునాడు ఆకలి లేదంటూ ముద్దలో ఆకుకూర పులుసే పోసుకుంటున్నాడు. తను తినలేదు, తినవద్దని ఆమెకూ చెప్పలేదు. ఆమెకు ముద్ద దిగక తినడం మానకపోయుంటే తినేదే.

పగిలిన పిట్టలనూ, పచ్చనీళ్లు కారిన కడుపునూ చూసినప్పుడు పుట్టిన రోత ఈ రోత ముందు ఏమీ కాదు. అవి కడిగితే పోయేవి. ఇది ఆమె తన చేతులతో మసాలా పట్టించి, రుచి చూసి, చిన్నపిల్లలు తెచ్చిన గిన్నెల్లో పోసింది. శ్రీరామప్ప ముఖం ఆమెకు పచ్చిపుండులాగా కనిపించింది. అతని నోట్లోంచి వచ్చే గాలి మీద పడుతుందేమోనని వెనక్కి జరిగింది.

ఇంటికి వచ్చి మాంసం, తోళ్లు, పలక, చచ్చిన కుక్క అన్నీ గోనెలో వేసి, దిబ్బల పక్క మనుషులు తిరగని చోట మోకాలి లోతు గుంట తవ్వి పూడ్చింది. పైన రాళ్లు పేర్చింది. కూర వండే కుండ కూడా అక్కడే పగలగొట్టింది. ఆ తర్వాత ఒంటిమీద నీళ్లు పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని, లైను మొదటి ఇంటినుంచి మొదలుపెట్టి గడప గడపకూ పోయింది. ఎవరికీ ఏమీ దాచలేదు. మందు పెట్టి చంపినవాటిని నా చేత్తో వండి మీకు పెట్టాను, నాకు తెలియదు, తాయమ్మవ్వ పడింది దాంతోనే, మీ ఇంట్లో ఎవరికైనా ఒళ్లు బాగాలేకపోతే ఇప్పుడే ఆస్పత్రికి తీసుకుపోండి అని చెప్పింది. కొందరు తల పట్టుకొని కూలబడ్డారు. ఒక తల్లి ఆమె ముఖం మీదే ఉమ్మింది. అక్కయమ్మ తుడుచుకొని పక్కింటికి పోయింది. ఈశ్వరప్ప వెంటనే చొక్కా వేసుకొని, తాయమ్మవ్వకు జబ్బు ఎందుకు వచ్చిందో డాక్టరుకు చెప్పడానికి ఆస్పత్రికి బయలుదేరాడు.

సారాయి అంగడి దగ్గర మాత్రం ఒకడు అదంతా విని, పాతిపెట్టింది ఎక్కడో చెప్పమన్నాడు. బాగా కాల్చుకుంటే తాగినప్పుడు నంజుకోవడానికి పనికొస్తుందట. పక్కవాళ్లు నవ్వారు. అతను హాస్యానికి అనలేదు. ఆ ముఖాన్ని చూస్తూ నిలబడలేక ఆమె అక్కడినుంచి వచ్చేసింది. ఈశ్వరప్ప తర్వాత పోయి ఆ గుంట మీద ఇంకా పెద్ద రాళ్లు దొర్లించి వచ్చాడు.

శ్రీరామప్పను ఎవరూ కొట్టలేదు. వర్క్‌షాపులో అతని పక్కన కూర్చొని టీ తాగేవాళ్లు లేకుండా పోయారు. అతను క్యారియరు మూత తీస్తే పక్కవాళ్లు లేచి దూరంగా పోయేవాళ్లు. వానలు పడకముందే పెండ్లాం పిల్లల్ని తీసుకొని మారికుప్పం వైపు లైన్లకు మారిపోయాడు. తుపాకి విల్లును గోవిందప్పే పట్టా ఊడదీసి, మడమ కట్టెను పొయ్యిలో పెట్టాడు. అక్కయమ్మ ఆ పొయ్యి మీద వండనని పెరట్లో వేరే పొయ్యి వేసుకుంది.

మొగుడితో ఆమె జగడమాడలేదు. అతనే ఒకసారి ఆమె ముందు కూర్చొని, మొదటిసారి తెలిసేసరికి కూర పంచడం అయిపోయిందని, తర్వాత శ్రీరామప్ప మాట కాదనలేకపోయానని, తన పేరూ బయటికి వస్తుందని భయపడ్డానని చెప్పాడు.

“భయమైతే నాకు చెప్పకూడదా?” అంది అక్కయమ్మ. “నువ్వు తినకుండా పక్కన కూర్చొని, నేను రుచి చూస్తా ఉంటే చూస్తా ఉన్నావు. నీ చెయ్యి చూస్తే నాకు రోత పుడతాది. అది తగ్గినప్పుడు నేనే పిలుస్తా. అంతదాకా నీ పళ్లెం నువ్వే కడుక్కో.”

అతను సరే అన్నాడు. కొన్నాళ్లు కాదు, చాలా కాలం తన పళ్లెం తనే కడుక్కున్నాడు. షిఫ్టు దిగి వచ్చి, కాలువ గట్టున కూర్చొని బూడిదతో తోముతుంటే పక్కిండ్లవాళ్లు చూసేవాళ్లు. అతను తల ఎత్తేవాడు కాదు. అక్కయమ్మ నాయన దగ్గరినుంచి ఒక పాడిబర్రెను తోలుకొచ్చి పాలు పోయడం మొదలుపెట్టింది. మొదట ఒక్కరూ పోయించుకోలేదు. పాలన్నీ తోడువేసి, వెన్న తీసి, కామసముద్రానికి పంపేది.

తాయమ్మవ్వ ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు మనిషి సగానికి సగమైంది. ఒళ్లంతా తోలు వేలాడుతోంది, చేతులు ఇంకా వణుకుతున్నాయి. జరిగిందంతా ఎవరో అప్పటికే చెప్పారు. అక్కయమ్మ రాగిగంజి కాచి, మజ్జిగ కలిపి, ఉప్పేసి, గిన్నెలో పోసుకొని పోయింది. ముసలామె చాప మీద కూర్చొని గిన్నెలోకి తొంగి చూసింది.

“నీకు తెలీదంట కదమ్మా,” అంది.

“తెలీదవ్వా.”

“సరే. ముందు నువ్వు తాగు.”

అక్కయమ్మ గిన్నె ఎత్తింది. ఒకరి ఎంగిలి ముట్టని మనిషి, తన ఎంగిలి ఇంకొకరికి ఇవ్వని మనిషి ఆ ముసలామె ఎదుట గంజి తాగి, గిన్నె అంచు కొంగుతో తుడవబోయింది. తాయమ్మవ్వ ఆ చెయ్యి పట్టుకొని ఆపింది. గిన్నె అట్లాగే తీసుకొని, పండ్లు లేని నోటితో మెల్లమెల్లగా తాగేసింది. ఆ తర్వాత ఎప్పుడు గంజి తెచ్చినా ముందు నువ్వు తాగు అనేది. అక్కయమ్మ తాగి ఇచ్చేది. తాయమ్మవ్వ బతికినంత కాలం అది అట్లాగే జరిగింది. అక్కయమ్మ ఒక్కనాడూ చిన్నబుచ్చుకోలేదు.